పులితోలు దొంగకు తీర్పు

కుంభినీపురం ధర్మసభను చూడడానికి రెండు కళ్ళూ చాలవు. అద్దంలా నున్నగా తీర్చిన నల్లరాతి స్తంభాలు, ఒక్కో స్తంభం మీద నోరు తెరుచుకుని లేచిన సింహముఖాల యాళులు, పైకప్పు నుంచి వేలాడే వట్టివేళ్ళ తెరలు, ఆ తెరల నుంచి జారే నీటిచుక్కల్లో చెదిరిపోయే ఎండ. గోడల నిండా రంగురాళ్ళు పొదిగిన నెమళ్ళు. సభ నడిమధ్య పెళ్ళిపందిరి వేయడానికి సరిపోయేంత రాతి అరుగు ఒకటి ఉంది. దాన్ని చూసి అక్కడ నాట్యాలు జరుగుతాయని కొత్తవాళ్ళు అనుకుంటారు. అక్కడ జరిగేవి నేరాలు.

అది ఆ నగరపు ఆచారం. నేరం చేసినవాడు పట్టుబడితే సాక్షులు చెప్పింది విని, తల ఊపి, తీర్పు చెప్పేయడం అక్కడ కుదరదు. చేసినవాడు చేసినట్టుగా, పడినవాడు పడినట్టుగా ఆ నేరాన్ని అరుగు మీద మళ్ళీ జరిపి చూపించాలి. చూసినదాన్ని బట్టే తీర్పు. అందుకే విచారణ రోజున సగం ఊరు పనులు మానుకుని పిల్లాజెల్లాతో సభకు వచ్చి కూర్చుంటుంది. మరమరాలు అమ్మేవాళ్ళకు చేతినిండా బేరం. ఆ మధ్య ఒక మేక దొంగతనం విచారణలో, అరుగెక్కిన మేక సొంతదారు ముఖమైనా చూడకుండా దొంగ వెంటే పోతానని మొండికేసింది. సొంతదారు తలెత్తుకోలేక ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. ఆ ముచ్చట ఊళ్ళో ఇంకా పాతబడలేదు.

ఈరోజు అరుగు మీద నిలబడినవాడు కోనప్ప. కేదారవల్లి రాజ్యంలో నది మీద గుండ్రటి పుట్టిపడవ నడుపుకుని బతికిన మనిషి. వెడల్పాటి భుజాలు, ఎండకు కమిలిన వీపు, ఎప్పుడూ ఏదో ఒకటి అనబోతున్నట్టుండే నోరు. మెడలో తాడు, తాడుకు వెదురు పంజరం, పంజరంలో బాగా బలిసిన కౌజుపిట్ట. కాజేసిన సొత్తును శిక్ష తీరేదాకా కాజేసినవాడి మెడకే వేలాడదీయడం ఆ నగరంలో ఇంకో ఆచారం. ఇంత చిన్న వస్తువు కోసమా వీడు ఇంత పని చేశాడని అందరూ ముక్కున వేలేసుకోవాలని కాబోలు.

అందరూ వేలేసుకున్నారు కూడా. ఎందుకంటే ఆ పిట్ట పిట్ట కాదనీ, కేదారవల్లి యువరాజు రత్నాంగదుడనీ వాళ్ళకు తెలియదు. కోనప్పతో కలిసి పోతుండగా అడవిదారిలో ధూమ్రజటుడనే మాంత్రికుడు ఎదురైనప్పుడు, ఆయన జడల్లో కాకి గూడు కట్టుకుని గుడ్లు కూడా పెట్టిన సంగతి చూసి యువరాజు నవ్వాపుకోలేకపోయాడు. మాంత్రికుడు వేలెత్తి ఒక్క మాట అన్నాడు. అంతే, ఆరడుగుల యువరాజు కోనప్ప కాళ్ళ దగ్గర గింజలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. ఉత్తరాన ఉన్న మంచుగుండంలో ఒక్క మునక వేయిస్తే మళ్ళీ మనిషవుతాడు. కానీ ఈ పిట్ట ఫలానా మనిషని ఎవరితోనైనా చెప్పావో, ఇక జన్మంతా పిట్టే. ఈ రెండో షరతు మాంత్రికుడు కొంత దూరం వెళ్ళాక, మరిచిపోయినట్టు వెనక్కి వచ్చి మరీ చెప్పి పోయాడు.

కోనప్ప మంచినీళ్ళ కోసం వాగులోకి దిగి వచ్చేలోగా వేటగాడొకడు వల విసిరి యువరాజును పట్టుకుపోయి, కుంభినీపురం దండనాయకుడి వంటవాళ్ళకు అమ్మేశాడు. దండనాయకుడు రణభేరుండుడికి కౌజుపిట్ట వేపుడంటే ప్రాణమని, వెంటపడి పట్టుకుంటే వేటగాడే చెప్పాడు. అది విన్నాక కోనప్పకు ఆలోచించే వ్యవధి లేదు. ఏనుగుల కనుమలో దారి ఇరుకు. దండనాయకుడి పల్లకి ఆ దారినే వస్తుంది, వెనకాలే కావడి మీద వంటసామగ్రి వస్తుంది. కోనప్ప పగటివేషగాళ్ళను బతిమాలి పాత పులితోలు ఒకటి తెచ్చుకుని పొదలో నక్కాడు. పల్లకి రాగానే ఒక్క గాండ్రింపు గాండ్రించి దూకాడు. పల్లకి మోసే బోయీలు దాన్ని ఎక్కడిదక్కడ వదిలేసి చెట్లెక్కారు. కావడి మనిషి మాత్రం కాళ్ళు రాక నిలబడిపోయాడు. కోనప్ప వాడి కావడి మీది పంజరం లాక్కుని పరుగో పరుగు. అంతా అనుకున్నట్టే జరిగింది, తోక ఒక్కటి తప్ప. ఆ తోకను వేషగాళ్ళు గట్టి మోకుతో కుట్టారు. అది రేగుపొదకు చిక్కుకుంది. వెనక వచ్చిన భటులు దాన్ని పట్టి లాగితే పులి తల్లకిందులుగా బయటికి వచ్చింది.

ఇప్పుడు ఆ పులితోలు అరుగు మీద ఒక మూల పడి ఉంది. పగటివెలుగులో చూస్తే చెదలు తిన్న చోట్లు కూడా కనిపిస్తున్నాయి.

ధర్మపీఠం మీద కూర్చున్నావిడ నాగసానమ్మ. పండు ముసలి. బుగ్గన వక్కపలుకు పెట్టుకుని, సగం కళ్ళు మూసుకుని, జోగుతున్నట్టు కనిపిస్తుంది. అట్లా జోగుతున్నదనుకుని అబద్ధమాడినవాళ్ళు చాలామంది ఇప్పుడు ఆవిడ పేరు చెబితే రెండు చెంపలూ వేసుకుంటారు.

ఆవిడ ముందుగా చట్టం చదివించింది. పరాయి సొమ్ము తీసుకున్న నేరాన్ని కుంభినీపురం రెండుగా చూస్తుంది. ఎవరినీ బెదిరించకుండా తీసుకుంటే దొంగతనం. అమావాస్య దాకా ఏనుగుసాలలో పేడ ఎత్తి, ఎవరి సొమ్ము వాళ్ళకిచ్చి, ఇంటికి పోవచ్చు. బెదిరించి తీసుకుంటే దోపిడీ. ఒంటి మీద చెయ్యి పడకపోయినా, గోటిగీత తగలకపోయినా సరే, దాన్ని తల పగలగొట్టడం, కాలు విరగ్గొట్టడం వంటి నేరాల పక్కనే కూర్చోబెట్టారు పెద్దలు. దానికి శిక్ష ఉరుముల బావి. ఊరి వెనక కొండవాలులో ఉందది. ఆకాశంలో మబ్బుతునక లేని రోజున కూడా దాని అడుగు నుంచి ఉరుములు వినిపిస్తాయి. అందులోకి దిగినవాళ్ళు ఎందరో ఉన్నారు. పైకి వచ్చినవాళ్ళు లేరు.

కోనప్ప గబగబా లెక్క కట్టుకున్నాడు. దొంగతనమైతే ఏనుగుసాల. ఏనుగుసాల గోడ అతని నడుమెత్తు కూడా ఉండదు, వస్తూ వస్తూ చూసుకున్నాడు. పంజరంతో సహా దాన్ని దాటడం ఎంతసేపు? దోపిడీ అయితే మాత్రం తన పనీ, యువరాజు పనీ, కేదారవల్లి సింహాసనం పనీ ఆ బావిలోనే సరి. కాబట్టి ఇది దొంగతనమే కావాలి.

తానెవరినీ ముట్టుకోలేదనీ, తోలుకు ఉన్న గోళ్ళు కూడా లోపలికి తిప్పి కుట్టినవనీ, కావాలంటే చూసుకోమనీ అతను మొదలుపెట్టాడు. నాగసానమ్మ తోలు తెప్పించుకుని గోళ్ళు చూసింది. నిజమే. ఇంతకీ ఈ పిట్ట ఎందుకు కావలసివచ్చిందని అడిగింది. చూడ్డానికి ముచ్చటగా ఉందని అన్నాడు. తినడానికా అని అడిగితే అపచారమంటూ రెండు చెవులూ మూసుకున్నాడు. సభ గొల్లుమంది. పంజరంలో యువరాజు ఊచల మధ్య నుంచి మెడ చాచి అతని ఎదురురొమ్ము మీద ఒక్క పోటు పొడిచాడు. మెచ్చుకున్నాడో, జాగ్రత్త చెప్పాడో కోనప్పకు అర్థం కాలేదు.

అప్పుడు దండనాయకుడు రణభేరుండుడు సభలోకి వచ్చాడు. మనిషి కంటే ముందు మీసం వచ్చింది, ఆ తర్వాత పొట్ట, చివరికి కుడికాలుకు తళతళలాడే బంగారు గండపెండేరం. జన్మలో బెదరనివాడని పెద్దరాజుగారు స్వయంగా తొడిగిన పెండేరం అది. తాను బెదిరానని ఆయన నలుగురి ముందూ ఒప్పుకున్న రోజున తన చేతులతోనే దాన్ని ఊడదీసి ధర్మపీఠం ముందు పెట్టాలి. ఆ మాట కూడా అప్పుడే రాయించారు. దండనాయకుడు దాన్ని అంతగా పట్టించుకోలేదు. ఆయనకు కావలసింది ఈ పులిగాడు బావిలో పడడం ఒక్కటే.

నేరం మొదలుపెట్టమని నాగసానమ్మ సైగ చేసింది.

పల్లకి అరుగెక్కింది. దండనాయకుడు అందులో ఎక్కి కూర్చున్నాడు. బోయీలు పల్లకి కొమ్ములు భుజానికెత్తుకున్నారు. వెనకాల కావడి మనిషి ఓబులేసు నిలబడ్డాడు. నడివయసు దాటినవాడు, కావడి మోసి మోసి ఒక భుజం మీద కాయ కట్టినవాడు. కోనప్ప మెడ నుంచి పంజరం విప్పి ఆ కాసేపటికీ వాడి కావడికి తగిలించారు. పొద లేదు కాబట్టి ఇద్దరు భటులు గోనెపట్ట అడ్డంగా పట్టుకున్నారు. దాని వెనక కోనప్ప పులితోలు కప్పుకుని కూర్చున్నాడు.

పల్లకి కదిలింది. కోనప్ప గోనెపట్ట దాటి వచ్చి, గొంతు బొంగురుపోయిన పిల్లిలా ఒక కూత కూశాడు. ముందు వరసలో చంటిపిల్ల ఒకతె ముచ్చటపడి చప్పట్లు కొట్టింది.

నాగసానమ్మ కళ్ళు పూర్తిగా తెరిచింది.

"ఏమప్పా పులీ, ఆ పొద్దు నువ్వు ఇట్లే అరిసుంటే వీళ్ళు చెట్లెక్కిందురా? ఈ అరుగు మీద నేరాన్ని తక్కువ చేసి చూపిస్తే అది ఇంకో నేరం. దానికీ బావే. సరిగ్గా చెయ్."

ఇక గత్యంతరం లేదు. కోనప్ప మళ్ళీ గోనెపట్ట వెనక్కి పోయాడు. మాంత్రికుడి మీద, వేటగాడి మీద, ఆ దరిద్రపు తోక మీద తనకున్న కోపమంతా కడుపులోకి తెచ్చుకున్నాడు. వరదలో అవతలి ఒడ్డుకు కేక వేసే గొంతు అది. ఒక్కసారి గాండ్రించాడు.

వట్టివేళ్ళ తెరల నుంచి నీళ్ళు జలజలా రాలాయి. చంటిపిల్ల చేతిలోని మరమరాలు గాల్లోకి లేచాయి. బోయీలు పల్లకి దబ్బున వదిలేసి, చెట్లు లేకపోయేసరికి స్తంభాలెక్కి యాళుల మెడలు కావలించుకున్నారు. కోనప్ప ఒక్క దూకులో కావడి దగ్గరికి పోయి పంజరం లాగేసుకున్నాడు. నేరం ముగిసింది. అంతా సద్దుమణిగాక చూస్తే పల్లకిలో దండనాయకుడు లేడు. కొంతసేపు వెతికారు. చివరికి ధర్మపీఠం వెనక నుంచి మీసం కనిపించింది.

"అమ్మా, పీఠానికి అపాయం రాకూడదని కాపు కాస్తున్నాను," అన్నాడాయన గంభీరంగా.

"కాపు కాసేది ముందర కదప్పా."

"శత్రువు వెనక నుంచి కూడా రావచ్చును తల్లీ."

సభ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నాగసానమ్మ మాత్రం నవ్వలేదు. బెదిరావా, బెదరలేదా, ఒక్క మాట చెప్పమంది. బెదిరానంటే వీడు దోపిడీదారు, ఈ పూటే బావిలోకి దిగుతాడు. బెదరలేదంటే వీడు వట్టి దొంగ.

దండనాయకుడికి ఇప్పుడు తెలిసింది తానెక్కడ ఇరుక్కున్నాడో. కోనప్పను చూసి పళ్ళు కొరికాడు. కాలిని చూసుకుని నిట్టూర్చాడు. మళ్ళీ కోనప్పను చూశాడు. మళ్ళీ కాలు. ముఖంలో ఒకసారి కోపం, ఒకసారి ప్రేమ. చివరికి ప్రేమే గెలిచింది. తాను జన్మలో బెదరలేదనీ, ఆ రోజు కనుమలో పల్లకి తెర మూసుకుని ప్రాణాయామం చేసుకుంటున్నాననీ చెప్పాడు. బోయీలు కూడా బెదరలేదనీ, శత్రువు ఎటుపోతున్నాడో చూడ్డానికి చెట్లెక్కారనీ చెప్పాడు. స్తంభాల మీద నుంచి బోయీలు అవునవునని తలలు ఊపారు.

కోనప్ప గుండె తేలికయింది. ఏనుగుసాల, నడుమెత్తు గోడ, ఉత్తరపు దారి, మంచుగుండం వరసగా కళ్ళ ముందు నిలబడ్డాయి. పంజరంలో యువరాజు రెక్కలు విదిలించి దర్జాగా కూర్చున్నాడు.

అయితే దండనాయకుడి మాట అక్కడితో ఆగలేదు. ఎవరూ బెదరనప్పుడు పంజరం ఎట్లా పోయింది? మోసేవాడి అజాగ్రత్త వల్ల పోయింది. బెదిరి పోగొట్టుకున్న మోతగాడికి తప్పు లేదు. బెదరకుండా పోగొట్టుకున్నవాడి కావడి విరిచెయ్యాలి, ఇక బతికినన్నాళ్ళూ ఆ నగరంలో వాడు భుజం మీద బరువెత్తి కూలి అడగడానికి లేదు. చట్టంలో ఉంది. ఉన్నదే అమలు చెయ్యమని ఆయన ఓబులేసు వైపు వేలు చూపించాడు. ఎవరో ఒకరికి శిక్ష పడితే గానీ ఆయనకు కడుపు చల్లబడేట్టు లేదు.

అప్పటిదాకా ఓబులేసును ఎవరూ చూడలేదు. చూస్తే వాడు అరుగు మీద కూలబడి ఉన్నాడు. అది చెదలు తిన్న తోలని తెలుసు, లోపల ఉన్నది మనిషని తెలుసు, అయినా కాళ్ళు రావడంలేదు. నువ్వు బెదిరావా అని నాగసానమ్మ అడిగింది. వాడు దండనాయకుడి ముఖం చూసి తల దించుకున్నాడు. ఎంతో బతిమాలితే మెల్లగా చెప్పాడు. ఆ రోజు నుంచి పిల్లి అడ్డమొచ్చినా ఉలిక్కిపడుతున్నాడట. కొట్టంలో ఎద్దుకు మేత వెయ్యాలన్నా పెళ్ళాం ముందు నడవాలట. ఇంకో రెండు మాటలు చెప్పబోయి, జనం నవ్వడం విని ఆగిపోయాడు. యజమాని పక్కనుండగా పనివాడు బెదరడమేమిటి, కావడి విరుస్తారని కట్టిన కథ ఇదంతా అన్నాడు దండనాయకుడు. చాలామందికి అదీ నిజమే అనిపించింది.

కోనప్ప నవ్వలేదు. అతను చూస్తున్నది ఓబులేసు చేతుల్ని. కావడిబద్దను పట్టుకున్న ఆ వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. వరదరోజుల్లో పుట్టి ఎక్కినవాళ్ళు అంచును ఇట్లాగే పట్టుకుంటారు. నది మీద తోటి కుర్రవాళ్ళు వేడుకకు పుట్టిని గిర్రున తిప్పి, ఆడవాళ్ళు కేకలు పెడితే నవ్వేవాళ్ళు. కోనప్ప ఎన్నడూ ఆ పని చెయ్యలేదు. ఆ వేళ్ళను చూస్తే అతనికి తిప్పబుద్ధి అయ్యేది కాదు. అట్లాంటి మనిషి, కనుమలో ఇదే వేళ్ళను చూసి కూడా పంజరం లాక్కున్నాడు. అతనికి పట్టరానంత సిగ్గేసింది.

నాగసానమ్మ అతని వైపు తిరిగింది.

"బెదరలేదని ఆయప్ప అంటాడు. బెదిరినానని ఈయప్ప అంటాడు. ఇప్పుడు చెప్పాల్సింది చేసినోడు. నువ్వు బెదిరించాలని అరిసినావా, ఊరికే అరిసినావా? నీ మనసులో ఏముండె?"

ఊరికే అరిచానంటే చాలు. పులివేషం సాధన చేస్తూ అరిచాను, వాళ్ళే పారిపోయారు, పంజరం దారిలో దొరికింది అంటే చాలు. ఆ మాటలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. కోనప్ప తల వంచి పంజరంలోకి చూశాడు. యువరాజు తల ఒక పక్కకు వాల్చి, గుండ్రటి కన్నుతో అతన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు ఏట్లో కలిసి ఈదిన మనిషి, తన కోసం ఒకసారి మొసలి నోట్లోకి కట్టె దూర్చిన మనిషి. ఏమనుకుంటున్నాడో చెప్పడానికి ఇప్పుడు నోరు లేదు. కోనప్ప మనసులోనే ఆయనకు చేతులు జోడించాడు.

"బెదిరించాలనే అరిసినా తల్లీ. ఎవురి మీదా చెయ్యి వెయ్యకూడదనుకున్నా. చెయ్యి వెయ్యకుండా పంజరం కావాలంటే బెదిరించేదొక్కటే దారి అనుకున్నా. ఆ నాయన చేతులు వణకతాంటే చూసినా. చూసి కూడా లాక్కున్నా. ఆయప్ప తప్పేమీ లేదు."

దండనాయకుడు నోరు తెరిచి, ఇప్పుడు సంతోషించాలో వద్దో తెలియక మళ్ళీ మూసుకున్నాడు.

నాగసానమ్మ వక్కపలుకును ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకుంది. ఆవిడ గొంతు ముందటికంటే మెత్తగా వచ్చింది.

"ఎందుకు తీసుకున్నావో నువ్వు చెప్పడంలేదు. మంచికే తీసుకున్నావేమో, నాకట్లే తోస్తాంది. అది నీ కడుపులోనే ఉండనీ. ఎట్లా తీసుకున్నావనేది మాత్రం నీదొక్కడిదే కాదు నాయనా, ఈయప్పది కూడా. దెబ్బ తగిలుంటే పసుపు రాసుకునేవాడు. ఈ దెబ్బకు యాడ రాసుకోవాల?"

దోపిడీ అని తీర్పు వచ్చింది. ఓబులేసు కావడి ఓబులేసుకు ఇచ్చేశారు. పిట్ట పంజరం కోనప్ప మెడకు మళ్ళీ తగిలించారు. దండనాయకుడు పెండేరం నిమురుకుంటూ, అంతా తాను కోరినట్టే జరిగిందని మీసం మెలివేస్తుండగా నాగసానమ్మ ఆయన్ను ఆగమంది. ఉరుముల బావి దగ్గర కాపలాకు ఎవరిని పెట్టినా పారిపోతున్నారనీ, బెదరనివాడు ఒకడు దొరికితే బాగుండునని ఎన్నాళ్ళ నుంచో వెతుకుతున్నామనీ, ఇంతకాలం ఇంట్లో దీపం పెట్టుకుని ఊరంతా చీకట్లో తడుముకున్నామనీ చెప్పింది. ఈ పూట నుంచే ఆ కాపలా దండనాయకుడిది, ఒంటరిగా. ఆయన ఏదో అనబోయాడు. కాలు మీదికి చూసుకుని మానేశాడు.

మధ్యాహ్నపు ఎండలో కోనప్పను బావి దగ్గరికి నడిపించారు. కొండవాలులో నల్లగా నోరు తెరుచుకుని ఉంది బావి. చుట్టూ గడ్డిపోచ మొలవలేదు. భటులు అతని నడుముకు తాడు బిగించి, కొస ఓబులేసు చేతికిచ్చి, ఉరుము వినబడగానే ఒక్కడూ నిలవకుండా ఊరివైపు పోయారు. తాడు పట్టే హక్కు బెదిరినవాడిది. ఎంత లోతుకు దించాలో, ఎక్కడ వదిలెయ్యాలో వాడి ఇష్టం. ఇంతవరకూ ఆ తాడు పట్టినవాళ్ళలో చాలామంది మొదటి మూరలోనే వదిలేశారని దండనాయకుడు ఓబులేసుకు దూరం నుంచే చెప్పాడు. బాగా దూరం నుంచి.

కోనప్ప ఓబులేసుకు దండం పెట్టి, అంచు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి జార్చాడు.

పైన అంత మోడుగా ఉన్న బావి లోపల నెమలికంఠం రంగు పాచి దట్టంగా అల్లుకుని, తనంత తానే మెరుస్తోంది. రాళ్ళ సందుల్లో చిట్టిచిట్టి తెల్లపూలు, వాటి మీద వాలిన మిణుగురులు, ఎక్కడి నుంచో సన్నటి నీటిధార. కిందికి పోయేకొద్దీ పూలవాసన చిక్కబడింది. ఉరుము కూడా. అది మేఘం ఉరుము కాదు. ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి, నిద్రపోయేవాడి ఊపిరిలా లయగా వస్తోంది. ఆ ఊపిరి పీల్చినప్పుడల్లా పాచి మొత్తం కిందికి ఒంగుతోంది, వదిలినప్పుడల్లా కోనప్ప జుట్టు పైకి లేస్తోంది. యువరాజు ఒళ్ళంతా ఈకలు నిక్కబొడుచుకుని పంజరం నిండా అయ్యాడు.

తాడు వణుకుతోంది. పైనున్నవాడి చేతుల వణుకు అంత దూరం నుంచి అతని నడుము దాకా వస్తోంది. ఉరుము పెద్దదయ్యేకొద్దీ వణుకూ పెద్దదవుతోంది. వదిలెయ్యమని, వదిలేస్తే తామిద్దరూ ఇంటికి పోవచ్చని దండనాయకుడు అరవడం వినిపించింది. కోనప్ప కళ్ళు మూసుకున్నాడు. వదిలినా తప్పనడానికి తనకు నోరు లేదనుకున్నాడు.

ఓబులేసు గొంతు బావిలో గుండ్రంగా తిరిగి కిందికి వచ్చింది.

"నాకు భయమైతానే ఉండాది సామీ. అయినా వదల్లేను. కింద మనిసుండాడు."

కోనప్ప ఏదైనా అనాలనుకున్నాడు గానీ, అంతలో ఉరుము ఆగిపోయింది. పూర్తిగా ఆగిపోయింది. పాచి ఒంగలేదు, జుట్టు లేవలేదు. చల్లటి చెయ్యి ఒకటి కింది నుంచి వచ్చి అతని కుడిపాదం పట్టుకుంది.

"అన్నా," అంది ఒక సన్నటి గొంతు, మర్యాదగా, "పైన తాడు పట్టినోడు వదిలే రకమా, పట్టుకునే రకమా?"

"పట్టుకునే రకమే," అన్నాడు కోనప్ప.

"అయితే ఇంకా గట్టిగా పట్టుకోమను. ముందర దిగినోళ్ళం మేము శానామంది ఉండాం. అది ఇప్పుడే లేసింది."

ఎడమపాదం మీద రెండో చెయ్యి పడింది. ఆ చేతులు ఎవరివో వాళ్ళ కాళ్ళను ఇంకెవరో పట్టుకున్నారు, వాళ్ళ కాళ్ళను మరెవరో. అడుగున చీకట్లో, గుడికొలనంత వెడల్పైన పచ్చటి కన్ను ఒకటి మెల్లగా తెరుచుకుంది. తాడు కీచుమంది. కోనప్ప తల పైకెత్తి చూశాడు. గవాక్షమంత కనిపిస్తున్న ఆకాశానికి అంచున ఓబులేసు రెండు పాదాలు, మట్టి పెళ్ళలు రాల్చుకుంటూ బావిలోకి జారుతున్నాయి. తాడును మాత్రం వాడు వదల్లేదు.